ఆలివ్ రిడ్లే సముద్ర తాబేలు గుడ్లు: మార్చి గూళ్లలో వేడి తగ్గించేదెలా?

శ్రీకాకుళం తీరంలో మాదో తాత్కాలిక హ్యాచరీ (గుడ్లు తెచ్చి ఇసుకలో పాతి, పిల్లలయ్యేదాకా కాపాడే చోటు). ఫిబ్రవరి గూళ్లు 50 రోజుల్లో బాగానే పిల్లలయ్యాయి. మార్చి రెండో వారం తర్వాత పాతిన ఆరు గూళ్లలో సగం గుడ్లు కూడా పగల్లేదు. తవ్వి చూస్తే చాలావాటిలో పూర్తిగా ఎదిగి చచ్చిన పిల్లలే.

గుడ్లు పెట్టిన మూడు గంటల్లోపే, అటూ ఇటూ తిరగకుండా తెస్తున్నాం. గుంత లోతు 45 సెంటీమీటర్లు, గూళ్ల మధ్య మీటరు ఎడం. చీమలు లేవు. గుడ్ల మధ్య పెట్టిన థర్మామీటరు చివరి రెండు వారాలు 34–35 డిగ్రీలు చూపింది. 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండను ఆపే వల) మీటరు ఎత్తున కడితే తగ్గింది ఒక్క డిగ్రీయే. నీళ్లు చల్లితే పైన రెండంగుళాలే తడుస్తోంది. ఎక్కువ పోస్తే గుడ్లకు గాలాడదు. (మరీ చల్లబడితే అన్నీ మగవే అవుతాయని తెలుసు, ముందు బతకాలి కదా!)

గుడ్ల దగ్గర వేడి 32 దాటకుండా చూసుకున్నవాళ్లు ఎంత శాతం నెట్, ఏ ఎత్తున కట్టారు?