సాహిత్ తీగల తొలి మాస్టర్స్ చూసినవాళ్ళు ఉన్నారా? మావాడికి మొదటి టోర్నీ టెన్షన్

గోల్కొండ_నాన్న:
మావాడికి 16 ఏళ్ళు. వచ్చే వారం బెంగళూరులో మొదటిసారి వేరే రాష్ట్రం పిల్లలతో జూనియర్ గోల్ఫ్ టోర్నీ ఆడబోతున్నాడు. గదిలో అమెరికా గోల్ఫర్ సాహిత్ తీగల ఫొటో అంటించుకున్నాడు. "సాహిత్ మొదటిసారి మాస్టర్స్‌కి వెళ్ళి టాప్ టెన్‌లోకి వచ్చాడు నాన్నా" అని రోజుకి పదిసార్లు చెబుతాడు, రాత్రి రెండింటికి లేచి హాల్లో కార్పెట్ మీద పుట్టింగ్ (బంతిని మెల్లగా హోల్‌లోకి దొర్లించడం) చేస్తుంటాడు. నాకు ఆట రాదు, బ్యాగ్ మోయడం ఒక్కటే వచ్చు. మాస్టర్స్ అంటే అమెరికాలో ఏటా జరిగే పెద్ద గోల్ఫ్ టోర్నీ అని మాత్రం తెలుసు. అసలు అందులో ఏం జరిగింది? మీ మొదటి టోర్నీల సంగతి కూడా చెప్పండి, వాడికి చదివి వినిపిస్తాను.

పార్‌కొడితే_పార్టీ:
2023 ఏప్రిల్. నేను రాత్రంతా మేలుకుని చూశాను సార్, మర్నాడు ఆఫీసుకి సెలవు. శుక్రవారం గాలికి 17వ టీ (హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర పెద్ద పైన్ చెట్లు కూలాయి, జనం పక్కనే ఉన్నారు, అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. శనివారం వాన, ఆట ఆపేశారు. మిగిలిన మూడో రౌండ్ ఆదివారం పొద్దున ఆడించి, వెంటనే నాలుగోది. ఆ నాలుగో రౌండ్‌లో మనవాడు 67 కొట్టాడు, అంటే 18 హోల్స్‌కి 67 దెబ్బలు. మొత్తం 5 అండర్ (పార్, అంటే లెక్క ప్రకారం పట్టాల్సిన దెబ్బల కన్నా 5 తక్కువ), తొమ్మిదో స్థానంలో టై. గెలిచిన జాన్ రామ్ 12 అండర్.

16వ హోల్ మాత్రం వెతికి చూపించండి మీవాడికి. చిన్న పార్-3, ముందంతా చెరువు. బంతి గ్రీన్‌కి (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఎడమ పక్కకి పోయింది. నేరుగా హోల్ వైపు కొట్టే దారి లేదు. పైకి, వాలు మీదికి చిప్ చేశాడు, అంటే చిన్నగా ఎత్తి కొట్టాడు. బంతి అక్కడ ఆగినట్టే ఆగి, మెల్లగా మలుపు తిరిగి కిందికి దొర్లుకుంటూ వచ్చి హోల్‌లో పడింది. 2005లో టైగర్ వుడ్స్ అదే గ్రీన్ మీద కొట్టిన చిప్ గుర్తొచ్చింది అందరికీ. నేను సోఫా మీద నుంచి లేచి అరిస్తే మా ఆవిడ దొంగలు పడ్డారనుకుంది.

లెక్కల_మాస్టారు:
ఒక చిన్న దిద్దుబాటు, పిల్లవాడికి పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను. మాస్టర్స్ అతనికి మొదటిది గానీ, మొదటి మేజర్ (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద నాలుగు టోర్నీల్లో ఒకటి) కాదు. 2017లో కాలేజీలో ఉండగానే విస్కాన్సిన్‌లో ఎరిన్ హిల్స్ మీద యూఎస్ ఓపెన్ ఆడాడు. కట్ (రెండు రౌండ్ల తర్వాత ముందున్నవాళ్ళనే ఉంచే గీత) దాటలేదు, రెండు రోజులకే ఇంటికి. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్‌కి స్పాన్సర్ పిలుపు మీద వెళ్ళి మూడు రౌండ్లు అయ్యేసరికి ముందున్నాడు. చివరి రోజు 17వ హోల్‌లో టీ షాట్ ఎడమకి ఎగిరి నీళ్ళలో పడింది. మూడో స్థానంలో టై. తర్వాత అమ్మానాన్నలని పట్టుకుని ఏడ్చాడు. మాస్టర్స్‌లో మనం చూసిన కుర్రాడు అప్పటికి ఇవన్నీ తిని వచ్చినవాడు.

ఇంకోటి. మాస్టర్స్‌కి మొదటిసారి వచ్చి గెలిచిన చివరి మనిషి ఫజ్జీ జోయెలర్, 1979లో. అక్కడ గ్రీన్లు చూడగానే అర్థమయ్యే రకం కాదు.

చెరువుగట్టు:
అమెరికాలో పుట్టి, 2024 ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టుకి ఆడినవాడు మనవాడెలా అవుతాడండీ? పేరు చివర తీగల ఉంటే సరా?

పార్‌కొడితే_పార్టీ:
అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు. ఇంటిపేరుని టీవీ వాళ్ళు మూడు రకాలుగా పలికితే నాకు మూడుసార్లూ కోపం వచ్చింది. నా లెక్కలో మనవాడే. మీరు జాతీయ జట్టు లెక్కన చూస్తే 2007లో జీవ్ మిల్ఖా సింగ్. మాస్టర్స్ ఆడిన మొదటి భారతీయుడు ఆయన. ఇద్దరికీ చప్పట్లు కొడదాం, ఖర్చేముంది.

అట్లాంటా_శీను:
అన్నా, నాకు ఆ ఏడాది లాటరీలో ప్రాక్టీస్ రౌండ్ టికెట్లు తగిలాయి. నాన్నగారు కరీంనగర్ నుంచి వచ్చి ఉన్నారు, తీసుకెళ్ళాను. ఫోన్ లోపలికి రానివ్వరు. నాన్నగారు గేటు దగ్గర "మరి మనం తప్పిపోతే?" అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు. సాహిత్ కనబడలేదు, ఎంత తిరిగినా. కానీ కోర్సు చూశాక ఒకటి అర్థమైంది. టీవీలో చదునుగా కనిపించేదంతా అబద్ధం. పదో హోల్ లోయలోకి దిగినట్టు దిగుతుంది. 18వది ఎక్కేసరికి నాన్నగారు రెండుసార్లు ఆగి చెట్టుకి చెయ్యి ఆనించారు.

16వ హోల్ దగ్గర సరదా చూడాలి. ప్రాక్టీస్ రోజుల్లో జనం "స్కిప్, స్కిప్" అని అరుస్తారు, ఆటగాళ్ళు చెరువు మీద బంతిని కప్పగంతులు వేయించి గ్రీన్ మీదికి పంపుతారు. మనం చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరినట్టే. నాన్నగారికి గోల్ఫ్ మొత్తంలో అర్థమైనది అదొక్కటే. ఆ ఏడాది డాలరున్నరకి శాండ్‌విచ్ దొరికింది, నాలుగు తిన్నాం.

విశాఖ_వన్‌ఐరన్:
నా మొదటి టోర్నీ చెబుతా. మొదటి టీ మీద స్టార్టర్ నా పేరు పిలిచాడు. అంతే, చేతులు నావి కావు. డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) బంతి నెత్తిమీద తగిలింది, బంతి ముప్పై గజాలు దొర్లింది. నవ్వినవాళ్ళెవరూ లేరు, అదే ఇంకా బాధ. బాబుకి చెప్పండి: ప్రాక్టీస్‌లో ఎప్పుడూ తిన్నగా వెళ్ళే క్లబ్ ఏదుంటే మొదటి టీ మీద అది తీయమనండి. డ్రైవరే తీయాలని రూలేం లేదు.

రెండోరోజు అంతకన్నా ఘోరం. స్కోర్‌కార్డులో ఒక హోల్‌కి 5 బదులు 4 ఉంది, చూసుకోకుండా సంతకం పెట్టి ఇచ్చేశాను. తక్కువ రాస్తే డిస్‌క్వాలిఫై. ఎక్కువ రాస్తే ఆ ఎక్కువే నిలబడుతుంది. కార్డు ఇచ్చేముందు హోల్ హోల్ వేలు పెట్టి చదవమనండి. బ్యాగ్‌లో క్లబ్బులు పొద్దున్నే లెక్కపెట్టాలి, 14 దాటకూడదు. పోయిన బంతి వెతకడానికి ఇప్పుడు మూడు నిమిషాలే, పాత ఐదు నిమిషాలు 2019లోనే పోయాయి.

మాజీ_క్యాడీ:
సార్, పిల్లగాని గురించి కాదు, మీ గురించి చెబుతా. ఇరవై ఏళ్ళు బ్యాగులు మోసిన. పిల్లగాడు పుట్ పెట్టేముందు తల ఎత్తి ఎవరి దిక్కు చూస్తడు? నాయన దిక్కు. నాయన మొహం మాడిపోతే వాని చెయ్యి వణుకుతది. మీరు దూరంగా ఉండండి, చెట్టు చాటున ఉంటే ఇంకా మంచిది. చాలా జూనియర్ టోర్నీలల్ల తల్లిదండ్రులను దగ్గరికి రానియ్యరు, అది మంచిదే.

కొత్త కోర్సుల ముందురోజు పుట్టింగ్ గ్రీన్ మీదనే ఒక గంట కూసోమనండి. గడ్డి ఏ దిక్కు వాలిందో చూసుకోవాలె. వాలిన దిక్కు బంతి ఉరుకుతది, ఎదురుపోతే ఆగుతది.

లెక్కల_మాస్టారు:
మాజీ_క్యాడీ గారికి దండం. ఈ చర్చలో పనికొచ్చిన మాట ఇదే, నావి వట్టి అంకెలు.

గోల్కొండ_నాన్న:
బెంగళూరు నుంచి రాస్తున్నాను. అందరికీ థాంక్స్. మొదటి రోజు 87, రెండో రోజు 80. కట్ దాటలేదు. మొదటి టీ మీద డ్రైవర్ బదులు ఐదో నంబర్ ఐరన్ క్లబ్ తీశాడు, తిన్నగా వెళ్ళింది. వన్‌ఐరన్ గారూ, అది మీ ఖాతాలో.

రెండో రోజు 11వ హోల్ దగ్గర గడ్డిలో క్లబ్ ఆనించగానే బంతి కదిలిందట. ఎవరూ చూడలేదు. తనే మార్కర్‌ని (తన స్కోరు రాసే తోటి ఆటగాణ్ణి) పిలిచి ఒక స్ట్రోక్ జరిమానా వేయించుకున్నాడు. నేను రాత్రి నోరు జారి "ఎవరూ చూడలేదు కదరా" అన్నాను. సాహిత్ 2024లో ఈస్ట్ లేక్‌లో టూర్ చాంపియన్‌షిప్ ఆడుతూ బంకర్‌లో క్లబ్ ఇసుకని తాకిందని తనే చెప్పి రెండు స్ట్రోకులు వేయించుకున్నాడట, అయినా మూడో స్థానంలో నిలిచాడట. అరగంట క్లాసు పీకాడు. పెరుగన్నం తింటూ విన్నాను.

మాజీ_క్యాడీ గారూ, మీరు చెప్పినట్టే చెట్టు చాటున నిలబడ్డాను. మూడో హోల్‌లోనే కనిపెట్టేశాడు. ఎర్ర చొక్కా వేసుకెళ్ళాను.