జీడీఐ ఇంజిన్ పొద్దున్నే వణుకుతోంది, వారంటీ వాళ్లేమో రసీదులు అడుగుతున్నారు

నాలుగోగేరు:
నాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న టర్బో జీడీఐ (గ్యాసొలిన్ డైరెక్ట్ ఇంజెక్షన్) కారు. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేయగానే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమంటుంది. వేడెక్కాక ఏమీ ఎరగనట్టు పోతుంది. ప్లగ్గులు, కాయిల్స్ మార్చాను. ట్యాంకులో క్లీనర్ మూడు సీసాలు పోశాను. ఏం తేడా లేదు. మెకానిక్ వాల్వుల మీద మసి అంటున్నాడు. పెట్రోల్ రోజూ కడుగుతూనే ఉంటుంది కదా, మసి ఎలా పడుతుంది? పైగా ఎక్స్‌టెండెడ్ వారంటీ వాళ్లు ఆయిల్ మార్చిన రసీదులు అడుగుతున్నారు. ఆయిల్ నేనే మార్చుకుంటాను, రసీదులు ఎక్కడ తేను? ఒకటే టెన్షన్.

గ్రీజుచేతులు:
ఆ మూడు సీసాలూ దండగే తమ్ముడూ. నేనూ రెండు పోశాకే తెలుసుకున్నాను.

పాత పోర్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వు (సిలిండర్‌లోకి గాలి వదిలేది) వెనక పడేది, వాల్వుకు రోజూ స్నానం. జీడీఐలో ఇంజెక్టర్ నేరుగా సిలిండర్‌లోకి కొడుతుంది, 200 బార్ల ఒత్తిడి, కొత్తవాటిలో 350 దాకా. వాల్వు వెనక్కి చుక్క కూడా తగలదు. ఇంజిన్ అడుగునున్న క్రాంక్‌కేసు నుంచి పీసీవీ గొట్టంలో (అక్కడి ఆవిరిని తిరిగి గాలి దారిలోకి పంపేది) వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం తగులుతూనే ఉంటుంది, అదే మాడి గట్టిపడుతుంది. నీ క్లీనర్ ఇంజెక్టర్ మొన దాకా పోతుంది, వాల్వు దాకా పోదు. టయోటా డీ-4ఎస్ లాంటి వాటిలో రెండు రకాల ఇంజెక్టర్లూ ఉంటాయి కాబట్టి ఈ బాధ తక్కువ.

మందు వాల్‌నట్ పెంకుల పొడి. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి తెచ్చే గొట్టాల గుత్తి) విప్పి, కంప్రెసర్ గాలితో కొడతారు. మసి రాలుతుంది, లోహం గీసుకుపోదు. ఏ సిలిండర్ శుభ్రం చేస్తున్నామో దాని వాల్వులు పూర్తిగా మూసి ఉండాలి. నేను మూడో సిలిండర్ దగ్గర తొందరపడి, వాల్వులు మూసుకునేలా క్రాంక్ తిప్పడం మర్చిపోయాను. పొడంతా లోపలికి. ప్లగ్గు రంధ్రంలోంచి వాక్యూమ్ పెట్టి లాగేసరికి రాత్రి రెండయింది. మా ఆవిడ ఇప్పటికీ వాల్‌నట్ కనపడితే నవ్వుతుంది.

కానీ ముందు బోరోస్కోప్ (సన్నటి గొట్టం చివర కెమెరా) పెట్టి చూడమను. కారే ఇంజెక్టర్ కూడా పొద్దున ఇలాగే వణికిస్తుంది. కళ్లతో చూడకుండా విప్పనివ్వకు.

ఫైలుపట్టినోడు:
అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం కంపెనీ వారంటీకి తమ దగ్గరే సర్వీసు చేయించాలనే షరతు పెట్టడం కుదరదు. ఆయిల్ మనమే మార్చుకోవచ్చు. కానీ ఎక్స్‌టెండెడ్ వారంటీ అని అమ్మేది చాలాసార్లు సర్వీస్ కాంట్రాక్టు, దానికి కాగితంలో రాసిందే వేదం. ముందు అది చదువు. మసి మెయింటెనెన్స్ కిందికి వస్తుందని తోసేసే వాక్యం ఉందేమో చూడు. ఆయిల్, ఫిల్టర్ కొన్న బిల్లులు, ఓడోమీటర్ ఫోటోలు అన్నీ పోగెయ్యి.

ఆయిల్నేస్తం:
హ్యుందాయ్, కియా తీటా 2 ఇంజిన్ల కేసులో లక్షల బండ్లు రీకాల్ అయ్యాయి కదా. జీడీఐ అంటేనే పేలిపోతుందేమో?

ఫైలుపట్టినోడు:
అది వేరే కథ. 2015లో 2011, 2012 మోడల్ సొనాటాలను దాదాపు 4,70,000 వెనక్కి పిలిచారు. క్రాంక్‌షాఫ్ట్ మ్యాచినింగ్‌లో మిగిలిన లోహపు రజను ఆయిల్ దారికి అడ్డుపడి బేరింగులు పట్టేశాయి. ఇంజెక్షన్ పాపం కాదు. ఆ గొడవ బయటపెట్టిన ఇంజినీరుకు 2021లో అమెరికా రహదారి భద్రతా సంస్థ 2.4 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది.

గ్రీజుచేతులు:
టర్బో జీడీఐకి భయపడాల్సింది తక్కువ ఆర్‌పీఎమ్‌లో పైగేరు వేసి తొక్కడం గురించి. స్పార్క్ పడకముందే పెట్రోల్ అంటుకుని పిస్టన్ పగలొచ్చు. ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌పీ గ్రేడు ఆయిల్ దాన్ని దృష్టిలో పెట్టుకున్నదే, అదే వాడు.

నాలుగోగేరు:
బోరోస్కోప్ పెట్టించాను. రెండో సిలిండర్ వాల్వు కనపడనే లేదు, అంతా నల్లటి ముద్ద. ఇంజెక్టర్లు బాగానే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొన్న ఆయిల్ బిల్లులు ఐదు దొరికాయి, ఒకటి దొరకలేదు. శనివారం పొడి కొట్టిస్తున్నాను.