దవాఖాన పక్కన ఇండ్ల జాగాను ఆసుపత్రికి మారిస్తే ఒప్పుకోవాల్నా, వద్దా?

మూడోగల్లీ మాస్టారు:
మహబూబ్‌నగర్ జనరల్ హాస్పిటల్‌కు నడిచిపోయే దూరంలో మా కాలనీ. మొన్న పేపర్ల చిన్న అక్షరాలతో ఒక నోటీసు పడ్డది. మా గల్లీ మూలమీద రెండు పాత ఇండ్లు కలిపి 800 గజాలు. ఊర్ల ఏ జాగా దేనికో రాసిపెట్టే మాస్టర్ ప్లాన్‌ల అది నివాస జోన్, అంటే ఇండ్లకు. దాన్ని మార్పిచ్చుకొని ఆసుపత్రి కడతమని అర్జీ పెట్టుకున్నరు. అభ్యంతరాలుంటే 15 రోజుల్ల రాసియ్యాలె. మా రోడ్డు కాగితం మీద 30 ఫీట్లు. రెండు దిక్కుల కార్లు పెట్టినంక నా స్కూటీ సుత వంకర్లు తిరిగి పోవాలె. ఇప్పటికే నాలుగు ల్యాబులు, రెండు స్కానింగ్ సెంటర్లు ఉన్నయి. నేను వద్దనే రాద్దామనుకుంటున్న. మీరేమంటరు?

కోస్గి రోడ్డు:
మాస్టారూ, దవాఖాన మీ ఇంటి పక్కన ఉంది గనుక మీకు దాని ఇలువ తెల్వది. మాది మక్తల్ దిక్కు పల్లె. మా నాయినకు ఛాతీల నొప్పి లేస్తే మహబూబ్‌నగర్ దాంక తెచ్చినం. ఆ రాత్రి ఆడ గుండె డాక్టర్ లేడు, హైదరాబాద్ తీస్కపోండ్రి అన్నరు. ఇంకో 100 కిలోమీటర్లు. జడ్చర్ల దాటినం. బాలానగర్ కాడ నా చేతిల ఉన్న నాయిన చెయ్యి సల్లబడ్డది. షాద్‌నగర్ లైట్లు కనపడేసరికి అయిపోయింది. ఇయ్యాల ఒకాయన పెద్ద దవాఖాన కడతనంటే స్కూటీ తిరగదని అడ్డం పడతరా? నారాయణపేట, వనపర్తి, గద్వాల నుంచి జనం ఎటు పోవాలె?

అరుగు మీది అక్క:
అన్నా, మీ బాధ చదివి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. కానీ నేను చెప్పేది వేరే. మా ఇంటి పక్కది ఇల్లని పర్మిషన్ తీసుకొని కట్టిన్రు, ఇప్పుడు అది నర్సింగ్ హోమ్. పేరు రాయను. పేషెంట్ల చుట్టాలు మా అరుగు మీద సద్ది విప్పుకుంటరు, నీళ్లడిగితే ఇస్త, అండ్ల నాకేం బాధ లేదు. ఒకనాడు పొద్దుగాల ముగ్గేద్దామని గేటు తీస్తే కుక్క ఒక పసుపుపచ్చ రంగు కవరును ఈడ్చుకొస్తున్నది. అండ్ల నెత్తురు దూది, సెలైన్ గొట్టం. మా చిన్నోడు గొట్టాన్ని పట్టుకున్నడు, ఆటవస్తువు అనుకొని. నేను పోయి అడిగితే "మున్సిపాలిటీ బండి రాలే" అన్నరు.

డ్యూటీ నర్సు:
అక్కా, వాళ్లు చెప్పిన జవాబే తప్పు. అది మున్సిపాలిటీ బండిల పడాల్సిన చెత్తే కాదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని వేర్వేరు రంగుల సంచులు, డబ్బాలల్ల పెట్టాలె, బార్‌కోడ్ వెయ్యాలె, 48 గంటలకు మించి నిలవ పెట్టొద్దు. ఆ చెత్తను శుద్ధి చేసే, అనుమతి ఉన్న ప్లాంట్ వాళ్లే తీస్కపోవాలె. నేను పెద్ద ఆసుపత్రిల చేసిన, చిన్న నర్సింగ్ హోమ్‌ల కూడా చేసిన. కవర్లు కాలువ పక్కన పడేసేది ఎక్కువగా మీరు చెప్పినసొంటి, ఇల్లు పేరు మీద నడిచే దుకాణాలే. జోన్ మార్పిచ్చుకొని బాజాప్తా కట్టేటోడు కనీసం లెక్కలకైనా వస్తడు. వద్దంటే ఇంకో పది ఇండ్లు దొంగచాటుగ దవాఖానలైతయి, మాస్టారూ.

టౌన్ పొల్లగాడు:
మాస్టారు సార్, మీ ముందు రూము ల్యాబుకే కదా కిరాయికిచ్చింది? 😀

మూడోగల్లీ మాస్టారు:
ఇచ్చిన. దాచేదేముంది. పెన్షన్‌తో పాటు ఆ కిరాయి కూడ నడుస్తున్నది. తప్పే. మా గేటు ముంగట రోజుకు ఎన్ని బండ్లు ఆగుతయో నాకు బాగ తెలిసేది అందుకే.

ప్లాన్ గీసేటోడు:
నేను ఇరవై ఏండ్ల సంది ఇండ్ల ప్లాన్లు గీస్తున్న. మీరందరు దవాఖాన కావాల్నా వద్దా అని కొట్లాడుతున్నరు. నోటీసుల అది కాదు సూడాల్సింది. ఏ జోన్‌కు మార్చమన్నరో ఆ ఒక్క మాట సూడుండ్రి. పబ్లిక్, సెమీ పబ్లిక్ జోన్ అని ఉంటే ఆసుపత్రి, బడి, ఆఫీసు లాంటియి వస్తయి. వాణిజ్య జోన్ అని ఉంటే రేపు ఆయన దవాఖాన కట్టకుండనే అమ్ముకోవచ్చు, కొన్నోడు బట్టల షోరూం పెట్టొచ్చు. మార్పు జాగాకు, డాక్టర్‌కు కాదు. డాక్టర్ పోయినా జోన్ ఉంటది. నా అనుభవంల "ఆసుపత్రి కోసం" అని అడిగి వాణిజ్యం రాయించుకున్నోళ్లను సూసిన. జాగా ధర ఎంత లేస్తదో మీరే అంచనా వేసుకోండ్రి.

ఇగ రెండోది సెల్లార్. ప్లాన్ల పార్కింగ్ అని సూపిస్తరు, కట్టినంక అదే ఫార్మసీ, స్టోర్ రూం, ఒక్కోపారి ఎక్స్‌రే. 2011 డిసెంబర్‌ల కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిల ఇట్లనే అయింది. బండ్లు పెట్టాల్సిన సెల్లార్‌ల సామాను నింపిన్రు, ఆడ నిప్పంటుకుంది, పైన మంచాల మీద ఉన్నోళ్లు పొగకు ఊపిరాడక పోయిన్రు. దాదాపు 90 మంది. ఇరుకు సందుల ఫైర్ ఇంజన్ తొందరగ పోలేకపోయింది, ముందుగాల ఉరికొచ్చింది పక్క బస్తీ పోరగాండ్లే. నాకు 30 ఫీట్ల గల్లీ అన్నప్పుడల్ల గదే యాదికొస్తది.

కోస్గి రోడ్డు:
సరే అన్నా, ఫైర్ మాట ఒప్పుకుంట. కానీ షరతుల పేరుతో ఏండ్లకేండ్లు తిప్పితే కట్టేటోడు హైదరాబాద్‌లనే కట్టుకుంటడు. మనకు మళ్ల బాలానగర్ రోడ్డే.

అరుగు మీది అక్క:
దవాఖాన వస్తే చుట్టూ 100 మీటర్ల దాంక నిశ్శబ్ద ప్రాంతమని సర్కారు ప్రకటించొచ్చు అంటరు కదా? అట్ల ప్రకటిస్తే చప్పుడు పగలు 50 డెసిబుల్స్, రాత్రి 40 దాటొద్దు, ఇండ్ల జోన్ కంటే తక్కువ. రాతల చూస్తే మాకే లాభం. ఆ నర్సింగ్ హోమ్ జనరేటర్‌కు ఈ ముచ్చట ఎవరన్న చెప్పుండ్రి, కరెంటు పోతే మా కిటికీ అద్దాలు వణుకుతయి.

ప్లాన్ గీసేటోడు:
అన్నా, తిప్పుడు వేరు, ముందుగాలే అడుగుడు వేరు. ఈ 15 రోజులల్ల రాతపూర్వకంగ ఇస్తే మార్పు ఉత్తర్వులల్లనే షరతులు పెట్టించొచ్చు. కట్టినంక మొత్తుకుంటే ఫైళ్లు తిరుగుతయి, గోడ తిరగదు.

మూడోగల్లీ మాస్టారు:
ఇప్పుడే పేపరు కట్ట తీసి సూసిన. "వాణిజ్య" అనే ఉన్నది. ఆసుపత్రి మాట కిందెక్కడో బ్రాకెట్ల. మొత్తం వద్దు అనే మాట నేను కొట్టేస్తున్న, కోస్గి రోడ్డు తమ్ముడి కోసం. కాగితం మళ్ల రాసిన: పబ్లిక్, సెమీ పబ్లిక్‌కే మార్చాలె, వాణిజ్యానికి ఒప్పుకోం. రోడ్డు వెడల్పుకు అర్జీదారే తన జాగాల నుంచి వదలాలె. సెల్లార్ పార్కింగ్‌కే. అంబులెన్స్ లోపలికి పోయి తిరిగి ముందుకే బయటికి రావాలె, గల్లీల రివర్స్ కొట్టొద్దు. జనరేటర్, వ్యర్థాల గది మా గోడల దిక్కు కాకుండ.

టౌన్ పొల్లగాడు:
సార్, మీ ల్యాబు పార్కింగ్ గురించి ఒక లైను కలుపుండ్రి మరి.

మూడోగల్లీ మాస్టారు:
కలిపిన. కిరాయి అగ్రిమెంటు మార్చిల అయిపోతది, మళ్ల ఇయ్య.

అరుగు మీది అక్క:
ఆ కాగితం వాట్సాప్‌ల పెట్టుండ్రి మాస్టారూ. రేపు పొద్దుగాల పాల పాకెట్ల కాడ అందరు దొరుకుతరు, సంతకాలు నేను తీసుకుంట.