కొర్రల మిల్లు పెట్టాలనుంది, ఎట్లా మొదలుపెట్టాలి?

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:
వేరుశనగ ఎండిపోయి మా ఊళ్లో చాలామంది కొర్రలు వేశారు. పొట్టు తీయించాలంటే దూరం పోవాలి. ఊళ్లోనే మిల్లు పెట్టాలని నా కోరిక. అప్పు తలచుకుంటే టెన్షన్. ఏం చేయమంటారన్నా?

పాత మిల్లు యజమాని:
తమ్ముడూ, మిషన్ ముందే కొనద్దు. నేను అదే తప్పు చేశాను. కొర్రలు సరిగా ఆరకముందే ఆడిస్తే సగం నూకే వచ్చింది. రాళ్లు సరిగా ఏరలేదని కొన్నవాళ్లు తిప్పి పంపారు. ముందు రెండు బస్తాలు వేరే మిల్లులో ఆడించి, అనంతపురంలో పది ఇళ్లకు అమ్మి చూడు. మళ్లీ అడిగినవాళ్లెందరో రాసుకో.

ధర్మవరం అక్క:
చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థను చూసి రా నాయనా. 1990లో 32 ఎకరాల బీడుతో మొదలైంది. వాళ్ల రైతుల సహకార సంఘం ధరణి 2008లో గానీ రాలేదు, అంత టైం పట్టింది. పదిమంది రైతులు కలిస్తే ప్రొడ్యూసర్ కంపెనీ, అంటే రైతులే వాటాదారులుగా ఉండే కంపెనీ, రిజిస్టర్ చేసుకోవచ్చు, భారం నీ ఒక్కడి మీదే పడదు.

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:
సరేక్కా. ఆదివారం మా పెదనాన్న కొర్రలు రెండు బస్తాలు ఆడించుకొస్తా.