నాన్నకి ట్రెడ్‌మిల్: కార్డు పాయింట్లతో ఎంత తగ్గించుకోవచ్చు?

పల్నాడు_అబ్బాయి
నాన్నకి షుగర్. రోజూ ముప్పావుగంట నడవాలని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మా నరసరావుపేటలో మార్చి దాటాక ఎండ సంగతి తెలిసిందే. తెల్లవారుజామున పంపిద్దామంటే వీధి కుక్కల భయం. అందుకే ట్రెడ్‌మిల్ కొందామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో చూసినది 36,000 రూపాయలు. నా దగ్గర అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు ఉంది, అమెజాన్ వాళ్ల ప్రైమ్ సభ్యత్వం కూడా ఉంది. ఇంకో బ్యాంకు కార్డులో 14,000 పాయింట్లు వాడకుండా పడి ఉన్నాయి. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాలు కూడా చూపిస్తోంది. ఎలా కొంటే ఎక్కువ మిగులుతుంది? ఇలా కొన్నవాళ్లు కాస్త చెప్పండి.

లెక్కల_మాస్టారు
బాబూ, ముందు ఈఎంఐ సంగతి చూడు. నీ కార్డుకి ప్రైమ్ ఉంటే అమెజాన్‌లో 5 శాతం క్యాష్‌బ్యాక్ వస్తుంది, అంటే 1,800. అదే ఈఎంఐలో పెడితే ఆ 5 శాతం రాదు. ఫ్లిప్‌కార్ట్ యాక్సిస్ కార్డుకీ ఇదే నియమం. చాలామంది ఇది చూసుకోకుండా నొక్కేస్తారు.

నో కాస్ట్ అని పేరే గానీ ఖర్చు ఉంటుంది. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మేరకు అమ్మేవాళ్లు ధర తగ్గిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం నీదే. ఏడాదికి 16 శాతం చొప్పున లెక్కేస్తే 36,000కి ఆరు నెలల్లో ఆ జీఎస్టీ 300 దాకా అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే దాని మీద జీఎస్టీ కలిపి 235. పోయిన 1,800 కూడా కలుపు, 2,300 దాటింది. డబ్బు చేతిలో ఉంటే ఒకేసారి కట్టెయ్యి. లేకపోతే ఈఎంఐ తప్పేమీ కాదు, కానీ దాన్ని ఆదా అనుకోవద్దు.

కూకట్‌పల్లి_సుజాత
14,000 పాయింట్లంటే 14,000 రూపాయలు కాదు తమ్ముడూ. నా కార్డులో బిల్లుకి సర్దుకుంటే పాయింటుకి 20 పైసలు, వోచర్ తీసుకుంటే 35 పైసలు, విమానం టికెట్‌కి వాడితే 50 పైసలు. ఆ లెక్కన నీ పాయింట్లు ఒకచోట 2,800, ఇంకోచోట 4,900, మరోచోట 7,000. మీ బ్యాంకు రేట్లు యాప్‌లో ఉంటాయి, ముందు అవి చూడు. పాయింట్లు రిడీమ్ చేసినప్పుడల్లా, అంటే వాడుకున్నప్పుడల్లా 99 రూపాయలు, జీఎస్టీ తీసుకునే బ్యాంకులున్నాయి కాబట్టి కొంచెం కొంచెంగా కాకుండా ఒక్కసారే వాడెయ్యి.

నేను చేసింది చెప్తాను. మా పెళ్లిరోజుకి ఎలాగూ గోవా టికెట్లు కొనాలి. పాయింట్లు టికెట్ ధరలో కొంత శాతం వరకే ఒప్పుకున్నారు, అయినా ఆ మేరకు జేబులో డబ్బు మిగిలింది. దాంతోనే ఎక్సర్‌సైజ్ సైకిల్ కొన్నాను. వస్తువుకే పాయింట్లు వాడాలని రూలేమీ లేదు కదా.

అయితే అంతకుముందు కొన్న మొదటి సైకిల్‌తో చాలా టెన్షన్ పడ్డాను. వోచర్లతో కొన్నాను, పెడల్ దగ్గర శబ్దం వస్తుంటే వాపసు ఇచ్చాను. డబ్బు బ్యాంకుకి రాలేదు, ఆ సైట్ బ్యాలెన్స్‌లోకే వెళ్లింది. వోచర్‌తో కొనేముందు వాపసు నియమాలు తప్పకుండా చదువు. కార్డుతో కొన్నది వాపసు ఇచ్చినా, వచ్చిన క్యాష్‌బ్యాక్ వెనక్కి తీసుకుంటారు.

ఓరుగల్లు_వాకర్
డంబెల్స్, ప్లేట్ల లాంటివైతే పాయింట్ల గొడవే వద్దన్నా. నేను హన్మకొండలో షాపులో కిలోల లెక్కన తీసుకున్నాను. కార్డు ఇస్తే 2 శాతం ఎక్కువ అడిగారు. నా కార్డులో వచ్చేది 1 శాతం. ఫోన్‌పే చేసి, బేరమాడి 400 తగ్గించుకున్నాను.

డాలస్_రావు
ఇక్కడ అమెరికాలో కొత్త కార్డు బోనస్‌లు పెద్దవి. మూడు నెలల్లో 500 డాలర్లు ఖర్చుపెడితే 200 డాలర్లు ఇచ్చే కార్డులు దొరుకుతాయి. నేను రోయింగ్ మెషీన్‌ని అలాంటి కొత్త కార్డు మీదే కొన్నాను. కానీ అదే ఏడాది మా స్నేహితుడొకరు బోనస్ కోసం అవసరం లేనివి కూడా కొని, బాకీ కట్టలేక చాలా ఇబ్బంది పడ్డాడు. దయచేసి అలా చేయకండి.

లెక్కల_మాస్టారు
రావు గారు అన్నది ఇక్కడ ఇంకా ముఖ్యం. మన కార్డులు చాలావాటి మీద వడ్డీ నెలకి 3.5 శాతం, అంతకన్నా ఎక్కువ కూడా, ఏడాదికి 40 శాతం పైనే. బిల్లు మొత్తం కట్టకపోతే కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. ఒక్క నెల తప్పినా 5 శాతం క్యాష్‌బ్యాక్‌లో చాలావరకు వడ్డీకే పోతుంది. కనీస మొత్తం కడితే చాలని అనుకోవద్దు బాబూ, నేను అలా పోగొట్టుకున్నవాణ్ణే.

కూకట్‌పల్లి_సుజాత
ఇంకొకటి. సేల్ రోజుల్లో బ్యాంకు ఇన్‌స్టంట్ డిస్కౌంట్ 10 శాతం అని పెద్దగా వేస్తారు, కింద చిన్నగా గరిష్ఠం 1,500 అని ఉంటుంది. 36,000 వస్తువుకి నీ 1,800 క్యాష్‌బ్యాకే నయం. గరిష్ఠం ఎంతో చూశాకే కార్డు ఎంచుకో.

పల్నాడు_అబ్బాయి
అందరికీ చాలా థ్యాంక్స్. యాప్‌లో చూశాను, మా బ్యాంకులో వోచర్‌కి 35 పైసలే. సంక్రాంతికి బెంగళూరు నుంచి చెల్లి, బావ విమానంలో వస్తున్నారు, పాయింట్లు వాళ్ల టికెట్లకి వాడతాను. ఆ డబ్బు చెల్లి నాకు ఇస్తానంది. ట్రెడ్‌మిల్ మాత్రం జీతం పడ్డాక ఒకేసారి కడతాను. ఒక్క సందేహం. నాన్న బరువు 84 కిలోలు. పెట్టె మీద మోటారు బలం 4 హెచ్‌పీ పీక్ అని ఉంది, సరిపోతుందా?

ఓరుగల్లు_వాకర్
పీక్ చూడకన్నా, అది కాసేపే అందే బలం. కంటిన్యుయస్ హెచ్‌పీ, అంటే ఆగకుండా అందే బలం ఎంతో అడుగు. బరువు పరిమితి కనీసం 110 కిలోలున్నది తీసుకో. అంచుల్లో పట్టుకోవడానికి పొడవైన హ్యాండిళ్లు, లాగితే మెషీన్ ఆగిపోయే సేఫ్టీ కీ తాడు ఉన్నాయో లేదో చూడు, నాన్నగారికి అవే ముఖ్యం. కింద రబ్బరు మ్యాట్ వెయ్యి. బెల్టుకి సిలికాన్ ఆయిల్ ఎప్పుడు వెయ్యాలో ఇన్‌స్టాల్ చేసే అబ్బాయిని అడిగి రాసిపెట్టుకో.