పబ్లిక్ ఛార్జ్ దెబ్బను ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి?

లెక్కలమనిషి:
ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారనుకునే వలసదారులకు గ్రీన్ కార్డు నిరాకరించే నిబంధనే పబ్లిక్ ఛార్జ్. 2019 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం దాన్ని కఠినం చేసింది. 36 నెలల్లో 12 నెలలకు మించి మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా), ఫుడ్ స్టాంపులు (తిండి ఖర్చుకిచ్చే సాయం) లాంటివి వాడుకుంటే గ్రీన్ కార్డు నిరాకరించవచ్చని చెప్పింది. అది 2020 ఫిబ్రవరి 24న అమల్లోకి వచ్చింది, 2021 మార్చిలో రద్దయింది. 21 ఏళ్ళలోపు పిల్లల మెడికెయిడ్‌ను, గర్భిణుల మెడికెయిడ్‌ను అసలు లెక్కలోకే తీసుకోలేదు. మరి దీనివల్ల లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలు నష్టపోయారని కొందరు దేన్ని చూసి అంటున్నారు? అమల్లో ఉన్నదే ఏడాది, అదీ కోవిడ్ ఏడాది. నష్టాన్ని ఎక్కువ చేసి చెబుతున్నారనిపిస్తోంది.

శాన్‌హోసేక్లినిక్:
అమలు తేదీ నుంచి లెక్కపెడితే మీకు ఏమీ కనబడదండీ. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. 2017 జనవరిలోనే ఒక ముసాయిదా బయటికి పొక్కింది, 2018 అక్టోబరులో ప్రతిపాదన అధికారికంగా వచ్చింది. ఆ డిసెంబరులో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ సర్వే చేస్తే, వలస కుటుంబాల్లోని పెద్దవాళ్ళలో ఏడుగురికి ఒకరు తామో, ఇంట్లోవాళ్ళో గ్రీన్ కార్డు రాదన్న భయంతో ఏదో ఒక ప్రభుత్వ సాయానికి దూరంగా ఉన్నామని చెప్పారు. నిబంధన ఇంకా పుట్టనే లేదు!

నేను అప్పుడు క్లినిక్ కౌంటర్లో పనిచేసేదాన్ని. ఒకామె విక్ వోచర్లు, అంటే చంటిపిల్లల తల్లులకు పాలు, గుడ్లు ఇచ్చే పథకం కాగితాలు, కవరుతో సహా తెచ్చి బల్ల మీద పెట్టి పేరు తీసేయమంది. పిల్లాడు ఇక్కడే పుట్టాడు, అమెరికా పౌరుడు. విక్ ఆ ప్రతిపాదనలో లేదని స్పానిష్‌లో ఉన్న కాగితం చూపించాం. చదివింది, మడిచి పర్సులో పెట్టుకుంది. అయినా తీసేయమంది. వలస కాగితాలు నింపిపెట్టే నోటారియో వద్దన్నాడట. ఆ నోటారియోలు లాయర్లు కారు, కానీ ఆ వీధిలో వాళ్ళ మాటే చెల్లుతుంది. ఈ తల్లి మీ లెక్కలో ఎక్కడ పడుతుంది చెప్పండి?

టెక్సస్‌బాబాయ్:
ఆమె బాధ నిజమేనమ్మా. కానీ 2018, 2019ల్లో నిరుద్యోగం నాలుగు శాతం లోపే. జీతాలు పెరిగితే మెడికెయిడ్ నుంచి జనం వాళ్ళంతట వాళ్ళే తగ్గుతారు. తగ్గుదలంతా భయం ఖాతాలో వేస్తే ఎలా?

శాన్‌హోసేక్లినిక్:
ఉద్యోగాల వల్లే అయితే పిల్లలకు కంపెనీ ఇన్సూరెన్స్ వచ్చి ఉండాలి కదా బాబాయ్ గారూ. జరిగింది అది కాదు. ఏ బీమా లేని పిల్లలు 2016లో 4.7 శాతం, 2019లో 5.7 శాతం. పైగా 2016–2019 మధ్య మెడికెయిడ్, ఫుడ్ స్టాంపులు, నగదు సాయం వాడకం పౌరుల్లో కంటే పౌరులు కానివాళ్ళలో రెట్టింపు వేగంతో పడిపోయిందని మైగ్రేషన్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ చూపించింది. జాబ్ మార్కెట్ అందరికీ ఒక్కటేగా. అంతా పబ్లిక్ ఛార్జ్ వల్లేనని నేనూ అనను. బీమా నమోదు ప్రచారానికి నిధులు కోశారు, వలస అధికారుల దాడుల భయమూ ఉంది.

హెచ్‌వన్‌కుటుంబం:
గ్రీన్ కార్డు కోసం ఈ నిబంధన కింద అడిగిన ఐ-944 ఫారం మన తెలుగువాళ్ళూ నింపారు. క్రెడిట్ స్కోరు, ఆస్తుల కాగితాలు జతచేయడానికి నానా టెన్షన్ పడ్డారు. కానీ మనలో చాలామందికి అది కాగితాల పనే, ఇంట్లో పాలు ఆగలేదు. అందుకే మన అనుభవాన్ని కొలబద్దగా పెట్టుకుని లాటినోల సంగతి తేల్చకూడదు. వాళ్ళ పేటల్లో ఇంటింటికీ తిరిగే ప్రొమోటోరాలు, అంటే ఆ పేటవాళ్ళే అయిన ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు. ఎవరు మానేశారో, ఎందుకో వాళ్ళకే తెలుసు. ఈ నష్టాన్ని అంచనా వేసే పనిలో వాళ్ళని మొదటి నుంచీ కూర్చోబెట్టాలి, చివర్లో సంతకానికి పిలవడం కాదు.

లెక్కలమనిషి:
2016ను మొదలుగా తీసుకోవాలన్నది ఒప్పుకుంటాను. కానీ బీమా పోవడం వేరు, ఆరోగ్యం పాడవడం వేరు. టీకాలు తప్పాయా, గర్భిణులు చెకప్‌కు ఆలస్యంగా వచ్చారా, అవి చూపించండి.

శాన్‌హోసేక్లినిక్:
అది సరైన ప్రశ్న. ఇంకోటి కూడా చూడాలి. 2022 డిసెంబరులో కొత్త నిబంధన అమల్లోకి వచ్చి మెడికెయిడ్‌నూ (ప్రభుత్వ ఖర్చుతో నర్సింగ్ హోమ్ లాంటిచోట దీర్ఘకాలం ఉండడం తప్ప) ఫుడ్ స్టాంపులనూ భయం లేకుండా వాడుకోవచ్చంది. మానేసినవాళ్ళలో ఎంతమంది తిరిగి వచ్చారు? రద్దు చేసిన రోజుతో ఫైలు మూసేస్తే ఆ సంగతి ఎప్పటికీ బయటపడదు.