డెనేరిస్ ఎందుకలా మారిందో మా చెల్లికి ఎలా చెప్పాలి?

నమస్కారం. గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్ 2019లోనే అయిపోయినా, మా చెల్లి చివరి ఎపిసోడ్ మొన్న రాత్రే చూసింది. లొంగిపోయిన నగరాన్ని తన డ్రాగన్‌తో తగలబెట్టిన రాణి డెనేరిస్‌ను, ఆమె ప్రేమించిన జాన్ స్నో ముద్దు పెట్టుకుంటూనే పొడిచేశాడు. డ్రాగన్ వచ్చి, లేస్తుందేమోనని మూతితో ఆమెను మెల్లగా కదిపి చూసింది. అక్కడ చెల్లి భోరుమంది. "ఎనిమిది సీజన్లు చూసింది ఇందుకా అక్కా?" అని ఇప్పటికీ అడుగుతోంది. అప్పట్లో చివరి సీజన్ మళ్లీ తీయమంటూ 10 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు, వాళ్లదీ ఇదే బాధ.

నాకైతే ముగింపు తప్పనిపించలేదు, 6 ఎపిసోడ్లలో హడావిడిగా చుట్టేశారనిపించింది. మీరీన్ నగరంలో డెనేరిస్ 163 మంది బానిసల యజమానులను కొయ్యలకు మేకులతో కొట్టించినప్పుడే ఆ కోపం కనిపించింది కదా! అలాంటి సన్నివేశాలు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయి? సీజన్, ఎపిసోడ్ చెప్పండి ప్లీజ్, ఇద్దరం కూర్చుని మళ్లీ చూస్తాం.